షెల్టర్‌లో మంచం ఖాళీ లేదంటే... ఆ రాత్రి మన అమ్మాయి ఎక్కడ పడుకోవాలి?

2017 ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం. అరోరా బాలాజీ గుడి నుంచి ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుండగా ఫోన్ మోగింది. అవతల ఒక అమ్మాయి. బతుకమ్మ ఆడినప్పుడు ఒకసారి, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతంలో ఒకసారి కలిసిన పరిచయం, అంతే. "ఆంటీ, ఇవాళ రాత్రికి మీ ఇంట్లో ఉండొచ్చా?" అంది. ఎందుకని నేను అడగలేదు. ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది.

రూట్ 59 మీద ఒక ఇండియన్ స్టోర్ ముందు నిలబడి ఉంది. కోటు లేదు. చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. అప్పటికే హాట్‌లైన్‌కు ఫోన్ చేసింది. దగ్గర్లో ఉన్న ఒక షెల్టర్‌తో మాట్లాడింది. వాళ్లు మర్యాదగానే, బాధగానే చెప్పారట: ఈ రాత్రికి మంచం ఖాళీ లేదు, పొద్దున మళ్లీ చేయండి అని. చలిలో నిలబడ్డ మనిషికి పొద్దున అంటే ఎంత దూరమో ఆలోచించండి.

నేను వెళ్లి తీసుకొచ్చాను. అన్నం పెట్టాను. గొప్ప పని చేశాననే అనుకున్నాను. తర్వాత నేను చేసిన తప్పు ఏమిటంటే, ఏం చేయాలో తోచక ఒక స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ మంచి మనిషే. సలహా కోసం వాళ్లాయనకు చెప్పింది. ఆయన, ఈ అమ్మాయి భర్త ఒకే క్రికెట్ టీమ్. రాత్రి తొమ్మిదిన్నరకు మా కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో ఆమె భర్త, వెంట మాకు బాగా తెలిసిన ఇద్దరు పెద్దమనుషులు. అరుపులూ కేకలూ ఏమీ లేవు. అతను చేతులు జోడించి "చిన్న గొడవ అక్కా, పెద్దది చేసుకుంది" అన్నాడు. పెద్దమనుషులు సోఫాలో కూర్చున్నారు. నేను టీ పెట్టాను. అవును, టీ పెట్టాను. పదకొండున్నర దాకా పంచాయతీ నడిచింది. పరువు, అమ్మానాన్నల ఆరోగ్యం, వీసా, గ్రీన్ కార్డు, అన్నీ మాట్లాడుకున్నాం. ఆమె మెడ మీద మచ్చ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. అర్ధరాత్రి ఆమె అతని కారెక్కి వెళ్లిపోయింది.

ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. రాసుకోవడానికి ఆమె ఒప్పుకుంది. ఎనిమిదేళ్లు దాటినా ఇప్పుడు ఇది రాయడానికి కారణం ఉంది. ఆ రాత్రి మంచం ఎందుకు లేదో నాకు చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు. ఆ కారణాలు ఇంకా పోలేదు.

డబ్బు ఆగిన రెండేళ్లు

అప్పుడు ఇల్లినాయ్ రాష్ట్రానికి పూర్తి బడ్జెట్ లేదు. గవర్నర్ బ్రూస్ రౌనర్‌కూ, డెమొక్రాట్ల చేతిలో ఉన్న శాసనసభకూ పడక 2015 జులై 1 నుంచి 2017 జులై 6 దాకా 736 రోజులు అలాగే గడిచింది. జీతాలు, స్కూళ్లు కోర్టు ఉత్తర్వులతో, విడి బిల్లులతో నడిచాయి. దెబ్బ తిన్నది చిన్న చిన్న సేవా సంస్థలు. 2016 జూన్ 30న ఒక తాత్కాలిక బడ్జెట్ పాస్ చేశారు. అందులో గృహహింస బాధితుల సంస్థల పద్దు లేదు. ఆ సంగతి కూడా నెలల తర్వాత, 2017 మొదట్లో గానీ బయటపడలేదు. డబ్బు వస్తుందన్న నమ్మకంతో అప్పటిదాకా నడుపుకొచ్చిన సంస్థలు ఉన్న పొదుపు ఊడ్చి, అప్పులు చేసి, మనుషులను తగ్గించుకున్నాయి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇలాంటి గ్రాంట్లలో ఎక్కువ భాగం ముందు ఖర్చు పెట్టి తర్వాత ప్రభుత్వం దగ్గర వసూలు చేసుకునేవి. షెల్టర్ అంటే ఒక ఇల్లు, పది మంచాలు మాత్రమే కాదు. రాత్రంతా మెలకువగా ఉండే ఒక మనిషి, పిల్లలను చూసుకునే ఒక మనిషి, కోర్టుకు వెంట వెళ్లే ఒక మనిషి కావాలి. ఆ జీతాలు ఆగితే మంచాలు అక్కడే ఉంటాయి, వాటి మీద ఎవరినీ పడుకోబెట్టలేరు. షెల్టర్ కుప్పకూలడం అంటే తలుపుకు తాళం పడడమే అనుకుంటాం. ఎక్కువసార్లు అలా జరగదు. ఫోన్ ఎత్తుతారు, "ఖాళీ లేదు" అంటారు.

ఇది ఒక్క ఇల్లినాయ్ గొడవ కాదు. దేశమంతటా ఈ సంస్థలకు పెద్ద ఆధారం 1984లో వచ్చిన విక్టిమ్స్ ఆఫ్ క్రైమ్ యాక్ట్ నిధి. దీన్నే వోకా అంటారు. అది పన్నుల డబ్బు కాదు. ఫెడరల్ కేసుల్లో దోషులు, ముఖ్యంగా పెద్ద కంపెనీలు కట్టే జరిమానాలు. కంపెనీలతో కోర్టు బయట ఒప్పందాలు పెరిగేకొద్దీ ఆ సొమ్ము ఈ నిధికి రాకుండా ప్రభుత్వ ఖజానాకు పోయింది. 2021 జులైలో చట్టం సవరించి ఆ దారి మళ్లీ ఇటు తిప్పారు గానీ, అప్పటికే నిధి బాగా తగ్గిపోయింది. ఈ నిధిలోంచి ఏడాదికి ఎంత తీయొచ్చో కాంగ్రెస్ పరిమితి పెడుతుంది. 2018లో ఆ పరిమితి సుమారు 440 కోట్ల డాలర్లు. 2024కు సుమారు 135 కోట్లు. మూడో వంతు కూడా లేదు. ఆ పైన 2025లో న్యాయశాఖ వందల గ్రాంట్లను మధ్యలో రద్దు చేసింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వమే మూతపడింది.

షెల్టర్ సంస్థల జాతీయ సమాఖ్య ఏటా ఒక రోజు ఎంచుకుని లెక్క తీస్తుంది. 2023 సెప్టెంబర్‌లో అలా లెక్కించిన ఒక్క రోజులో 13 వేలకు పైగా అభ్యర్థనలకు "మా వల్ల కాదు" అని చెప్పాల్సి వచ్చింది. అందులో సగానికి పైగా ఉండడానికి చోటు కోసం అడిగినవే.

మన అమ్మాయికి ఇంకో రెండు తాళాలు

మంచం దొరకకపోవడం అందరికీ ఉన్న కష్టం. మనవాళ్లకు దాని పైన ఇంకో రెండు ఉన్నాయి.

మొదటిది వీసా. హెచ్‌4 మీద వచ్చిన అమ్మాయికి ఈ దేశంలో ఉండే హక్కు భర్త హెచ్‌1బి మీద ఆధారపడి ఉంటుంది. విడాకులు ఖాయమైతే ఆ హోదా పోతుంది. 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం, అంటే వావా కింద, భర్తకు తెలియకుండా సొంతంగా గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ భర్త అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితేనే. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్లుగా నిలబడ్డ మన ఇళ్లకు ఆ తలుపు తెరుచుకోదు. నేరానికి గురై పోలీసులకు సహకరించినవాళ్లకు యూ వీసా ఉంది. ఏడాదికి 10 వేలే ఇస్తారు కాబట్టి ఏళ్ల తరబడి ఎదురుచూపు. హింసకు గురైన హెచ్‌4 భార్యలు తమకు తాముగా వర్క్ పర్మిట్ అడగడానికి ఐ-765వి అనే ఫారం ఒకటి ఉంది. దాని వెనక ఉన్న చట్టం 2005 నాటి సవరణ. ఫారం ఆచరణలోకి వచ్చింది 2017లో. ఇది ఉందని మనలో ఎంతమందికి తెలుసు? ఆ రాత్రి మా సోఫాలో కూర్చున్న అయిదుగురిలో ఎవరికీ తెలియదు. తెలియకుండానే "వీసా పోతుందమ్మా" అని ఆమెను భయపెట్టాం.

రెండోది మనమే. మనం దగ్గర దగ్గరగా బతుకుతాం. ఒకే అపార్ట్‌మెంట్లు, ఒకే స్టోర్, ఒకే వాట్సాప్ గ్రూపులు. ఇల్లు కొన్నప్పుడు, కాన్పు అయినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు అది ఎంత బలమో అందరికీ తెలుసు. పారిపోయి దాక్కోవాల్సిన మనిషికి మాత్రం అదే ఉచ్చు. ఆమె ఎక్కడుందో గంటలో తెలిసిపోతుంది. ఆ రాత్రి ఆమె ఎక్కడుందో అతనికి చెప్పింది నా ఇల్లే.

అందుకే నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది. షెల్టర్లు నిండిపోయినప్పుడు "మా ఇంటికి రండి" అనడం మంచితనమే, కానీ చాలాసార్లు అది ఆమెకు ప్రమాదం. మనకూ ప్రమాదమే. మనం చేయాల్సింది వేరే ఉంది. అది కాస్త నిశ్శబ్దంగా, డబ్బుతో, క్రమంగా చేయాల్సిన పని.

ఇల్లు వదలాల్సింది ఆమేనా?

మంచం గురించి మాట్లాడే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఇల్లు వదిలి ఆమే ఎందుకు పోవాలి?

ఇల్లినాయ్ గృహహింస చట్టం 1986 నాటిది. దాని కింద హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. వేధించడం, బెదిరించడం, బయటికి కదలనివ్వకపోవడం కూడా అందులోకి వస్తాయి. భర్త మీదే కాదు, అదే ఇంట్లో ఉండి హింసించే అత్తమామల మీద కూడా ప్రొటెక్షన్ ఆర్డర్ అడగొచ్చు. ఫైలింగ్ ఫీజు లేదు. వీసా ఏమిటన్నదానితో సంబంధం లేదు. అత్యవసరమైతే అవతలివాళ్లకు ముందు నోటీసు ఇవ్వకుండానే 21 రోజుల దాకా ఆర్డర్ ఇస్తారు. తర్వాత విచారణ జరిపి రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. అందులో అతన్ని ఇంటినుంచి బయటికి పంపి, ఇంటిని ఆమెకు, పిల్లలకు అప్పగించే అధికారం జడ్జికి ఉంది. లాక్కున్న వస్తువులు తిరిగి ఇమ్మనొచ్చు. ఇది సివిల్ ఆర్డర్. తీసుకున్నంత మాత్రాన అతని మీద క్రిమినల్ కేసు పెట్టినట్టు కాదు. దాన్ని ఉల్లంఘిస్తేనే నేరం.

ఇది ప్రతిచోటా మంత్రంలా పనిచేస్తుందని చెప్పను. కాగితం తూటాను ఆపదు. గొంతు నులిమినవాడు, తుపాకీ చూపించినవాడు, చంపుతానన్నవాడు ఉన్న ఇంట్లో ఆర్డర్ ఒక్కటే చాలదు, 911 చేయాలి, అక్కణ్నుంచి వెళ్లిపోవాలి. అంత ముదరకముందే ఆర్డర్ గురించి తెలిసి ఉంటే కొందరికైనా మంచం వెతుక్కునే అవసరం తప్పుతుంది.

అరోరాలో ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. మన ఊరు నాలుగు కౌంటీల్లో పడింది: కేన్, డూపేజ్, కెండాల్, విల్. వీధి మారితే కోర్టు మారుతుంది. సెయింట్ చార్ల్స్, వీటన్, యార్క్‌విల్, జోలియట్, వీటిలో మీ వైపు కోర్టు ఏదో ఈరోజే చూసి పెట్టుకోండి. మీ కోసం కాకపోయినా రేపు ఎవరో అడగొచ్చు.

మనం చేయగలిగినవి

ఒకటి, ముందు నిపుణులకు ఫోన్. జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233, ఇల్లినాయ్ హాట్‌లైన్ 877-863-6338. రెండూ రాత్రీ పగలూ ఉంటాయి. ఇంగ్లిష్ తడబడితే "తెలుగు" అని ఒక్క మాట చెబితే దుభాషీని కలుపుతారు. దగ్గరి షెల్టర్ నిండితే ఇంకో ఊళ్లో ఎక్కడ ఖాళీ ఉందో వాళ్లు వెతుకుతారు. అరోరాలో మ్యూచువల్ గ్రౌండ్ 1975 నుంచి పనిచేస్తోంది. షికాగోలో అప్నా ఘర్ 1990 నుంచి దక్షిణాసియా ఆడవాళ్లకు అండగా ఉంది. మంచం లేకపోయినా సలహా, కోర్టు తోడు, భద్రతా ప్లాన్ దొరుకుతాయి. "ఖాళీ లేదు" అన్న మాటతో ఫోన్ పెట్టేయకూడదని ఆ రాత్రి నాకు తెలియలేదు.

రెండు, హోటల్ డబ్బు. మంచం దొరికేదాకా రెండు మూడు రాత్రులు గడిపితే చాలామందికి దారి దొరుకుతుంది. ఆ గది ఆమె కార్డు మీద, భర్తతో కలిసి ఉన్న ఖాతా మీద తీసుకుంటే అతనికి వెంటనే మెసేజ్ వెళ్తుంది. గది ఎలా తీసుకోవాలో షెల్టర్ అడ్వకేట్‌ను అడిగి, వాళ్ల ద్వారానే తీసుకోవడం మేలు.

మూడు, ఫోన్. ఫ్యామిలీ ప్లాన్, లొకేషన్ షేరింగ్, కారు యాప్, ఇంటి కెమెరా, ఇవన్నీ చాలా ఇళ్లలో భర్త చేతిలోనే ఉంటాయి. మనవాళ్లు ఇందులోనే ఉద్యోగాలు చేస్తారు కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. సలహా అడగాలంటే ఆమె స్నేహితురాలి ఫోన్ నుంచో, లైబ్రరీ కంప్యూటర్ నుంచో అడగాలి.

నాలుగు, కాగితాలు. పాస్‌పోర్ట్, ఐ-797, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. వీటి ఫొటోలు అతనికి తెలియని ఈమెయిల్‌లో ఉంచుకోవాలి. ఐ-94 ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ తీసుకోవచ్చు. పాస్‌పోర్ట్ లాక్కుంటే షికాగోలోని భారత కాన్సులేట్ ఉంది.

అయిదు, "టికెట్ తీస్తాం, ఇండియా వచ్చేయ్" అనే తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఆరాటం అర్థమవుతుంది. కానీ బిడ్డను తీసుకుని విమానం ఎక్కితే ఇక్కడి కోర్టులో అది ఆమె మెడకు చుట్టుకోవచ్చు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ లేదు కాబట్టి ఇక్కడి జడ్జిలు ఆ విషయంలో కఠినంగా ఉంటారు. పైగా సరదాకు అని ఇండియా తీసుకెళ్లి, అక్కడే వదిలేసి, తిరిగి రానివ్వని భర్తలు ఎంతమందో. టికెట్‌కు ముందు లాయర్. అక్కడ అవసరమైతే 181 హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు, తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలోని ఎన్నారై సెల్ ఉన్నాయి. అక్కడా చోటు కరువే. సఖి కేంద్రంలో ఉండనిచ్చేది 5 రోజులే.

ఆరు, పంచాయతీ వద్దు. ఇల్లినాయ్‌లో 2017 నుంచి బ్యూటీ పార్లర్లలో పనిచేసేవాళ్లకు గృహహింసను గుర్తించడంపై గంటసేపు శిక్షణ తప్పనిసరి. మీ కనుబొమలు తీర్చే అమ్మాయికి ఉన్న ఆ గంట శిక్షణ మన సంఘాల పెద్దలకు, మన సోఫాల మీద కూర్చుని తీర్పులు చెప్పేవాళ్లకు లేదు. తానా, ఆటా, నాట్స్ మహాసభల్లో సినిమా తారలకు ఇచ్చే సమయంలో ఒక గంట దీనికి ఇవ్వలేమా?

బతికి ఉండగానే

మనవాళ్లు ఎవరైనా చనిపోతే రెండు రోజుల్లో గోఫండ్‌మీ నిండిపోతుంది. భౌతికకాయం ఊరికి పంపడానికి మన సంఘాలు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను. కానీ బతికున్న ఆడపిల్లకు మూడు రాత్రుల హోటల్ డబ్బు కావాలంటే ఎవరిని అడగాలో ఈరోజుకీ చాలా ఊళ్లలో ఎవరికీ తెలియదు. ఫొటో పెట్టలేం, పేరు చెప్పలేం, కథ రాయలేం. అందుకే ఇది విరాళాల పిలుపులతో జరిగే పని కాదు. ప్రభుత్వం డబ్బు ఆపిన నెలలో కూడా షెల్టర్‌కు జీతాలు ఇవ్వగలిగేలా, ఎలా ఖర్చు పెట్టాలో షరతులు పెట్టకుండా, నెలనెలా కొంచెం పంపాలి. మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుంటే అడగండి. మీరు ఓటరైతే మీ కాంగ్రెస్ సభ్యుడికి వోకా గురించి ఫోన్ చేయండి. కాకపోయినా చేయొచ్చు, మీరు వాళ్ల నియోజకవర్గంలోనే ఉంటున్నారు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. అదే ఏడాది అక్టోబర్‌లో, ఒక మంగళవారం పొద్దున, భర్త ఆఫీసుకు వెళ్లాక ఆమె బయటికి వచ్చింది. ఈసారి కోటు ఉంది, కాగితాలు ఉన్నాయి, అడ్వకేట్ నంబర్ ఉంది. నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే సరైన పని. మూడు రాత్రులు హోటల్, తర్వాత మంచం, ఆ తర్వాత కోర్టు ఆర్డర్. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటోంది. సంక్రాంతికి మెసేజ్ పెడుతుంది. ఫిబ్రవరికీ అక్టోబర్‌కూ మధ్య ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఎనిమిది నెలల్లో నా వంతు ఎంతో మాత్రం నాకు తెలుసు.

మేం తొమ్మిది మంది ఆడవాళ్లం ఇప్పుడు నెలకు తలా 50 డాలర్లు వేసుకుంటున్నాం. పేరు లేదు, బోర్డు లేదు, వాట్సాప్ గ్రూపు అసలే లేదు. ఆ డబ్బు ఒక స్థానిక సంస్థకు హోటల్ గదుల కోసం వెళ్తుంది. అన్ని ఖర్చులూ పోను నెలకు నాలుగు రాత్రులు కూడా రావు. మీ ఊళ్లో కూడా తొమ్మిది మంది ఉంటారు. వెతకండి.